నల్లమల నీలి సాలీడు: అడవిలో పట్టిందా, పెట్టెలో పుట్టిందా?

నంద్యాల నుంచి గిద్దలూరు పోయే దారికి రెండు వైపులా ఉన్న నల్లమల అడవిలో, ముసలి చెట్ల తొర్రల్లో ఒక నీలి సాలీడు కాపురముంటుంది. ఎదిగిన సాలీడు కాళ్లు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు 15 నుంచి 20 సెంటీమీటర్లు. ఒళ్లంతా లోహంలా మెరిసే నీలం, కాళ్ల మీద పసుపు మచ్చలు, పొట్ట మీద తెల్లటి చిత్రమైన గీతలు. దీని శాస్త్రీయ నామం పొయిసిలోథీరియా మెటాలికా. విదేశాల్లో టారంటులాలను పెంచేవాళ్లు మాత్రం 'గూటీ సఫైర్' అంటారు. అనంతపురం జిల్లాలోని గుత్తి, వాళ్ల నోట గూటీ అయింది. నంద్యాల, ఆళ్లగడ్డ జనంలో దీన్ని కళ్లారా చూసినవాళ్లు అరుదు. జర్మనీలోనో అమెరికాలోనో ఒక ఇంట్లో, గాజు పెట్టెలో ఇది కనిపించడం మాత్రం వింతేమీ కాదు.

పెంపుడు జీవి ఏదైనా కొనేవాడి చేతికి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, అడవిలోనో సముద్రంలోనో పట్టి తెచ్చి అమ్మడం. రెండోది, అప్పటికే దాన్ని పెంచుతున్నవాళ్లు తమ దగ్గర పుట్టిన పిల్లల్ని తోటి పెంపకందార్లకు ఇవ్వడం, మార్చుకోవడం, అమ్మడం. అక్వేరియంలో పెంచే పగడాల నుంచి పాముల దాకా, చేపల నుంచి ఎడారి మొక్కల దాకా అన్నింటిలోనూ ఈ రెండు దార్లే. వీటిలో ఏది మేలన్నది పైకి చాలా తేలిక ప్రశ్న. నల్లమల సాలీడు కథ వింటే అది అంత తేలిక కాదని తెలుస్తుంది.

కథ మొదలైందే పొరపాటు చిరునామాతో. 1899లో బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ ఈ జాతిని తొలిసారి వర్ణించి పేరు పెట్టాడు. ఆయన ముందున్న నమూనా గుత్తిలో రైల్వే వాళ్ల కలప నిల్వ దగ్గర దొరికింది. దాంతో ఇది గుత్తి ప్రాంతపు సాలీడని లోకం నమ్మింది. గుత్తి చుట్టుపక్కల ఉన్నవి రాతి కొండలు, చిట్టడవులు. పెద్ద తొర్రలున్న ముసలి చెట్లు కావాలనుకునే జీవికి అది తగిన చోటు కాదు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా దీని జాడ ఎవరికీ దొరకలేదు. 2001లో గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ కనిపించింది.

గుత్తికి అదెలా చేరిందో ఊహించడానికి రైలు పటం చూస్తే చాలు. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా గిద్దలూరు, కంభం వైపు వెళ్లే పాత మీటర్ గేజి మార్గాన్ని 19వ శతాబ్దం చివర నల్లమలను చీల్చుకుంటూ వేశారు. చెలమ, బొగద, దిగువమెట్ట స్టేషన్లు నట్టడవిలో వెలిశాయి. దొరబావి దగ్గర లోయ మీద కట్టిన ఎత్తయిన వంతెన చాలాకాలం ఆ దారికే గుర్తుగా నిలిచింది. ఆ మార్గంలో మనుషులతో పాటు కలప కూడా దిగువకు వెళ్లింది. తొర్ర ఉన్న దుంగలో నక్కిన సాలీడు సరుకుతో పాటు గుత్తి దాకా ప్రయాణం చేసి ఉంటుందనే మాటను శాస్త్రజ్ఞులు ఎక్కువగా ఒప్పుకుంటారు. అంటే లోకానికి తెలిసిన మొట్టమొదటి మెటాలికా కూడా, ఎవరూ కావాలని పట్టకపోయినా, అడవి నుంచి తరలిపోయినదే.

ఈ సాలీడు వల పన్ని గాలిలో వేలాడే రకం కాదు. చెట్టు తొర్రలోనో, పగిలిన బెరడు కిందో పట్టుతో గూడు అల్లుకుని పగలంతా లోపలే ఉంటుంది. చీకటి పడ్డాక గూటి నోటి దగ్గర కాపు కాసి పురుగుల్ని పడుతుంది. వెలుతురు పడితే కళ్లు మూసి తెరిచేంతలో లోపలికి జారుకుంటుంది. తొర్రలు తక్కువైన చోట ఒకే చెట్టులో చిన్నవీ పెద్దవీ కలిసి కూడా బతుకుతాయి. ఒంటరితనం అలవాటైన టారంటులాల్లో ఇది కాస్త అరుదైన గుణమే. దక్షిణ అమెరికా టారంటులాల్లాగా దీనికి విసిరే దురద వెంట్రుకలు లేవు. దాని రక్షణంతా వేగం మీద, కోరల మీద ఉంటుంది. కరిస్తే తీవ్రమైన నొప్పి, కండరాలు బిగుసుకుపోవడం కొన్ని రోజులు బాధిస్తాయి. మనిషి చనిపోయిన దాఖలా మాత్రం లేదు.

నీలం సంగతి వేరే చెప్పుకోవాలి, వ్యాపారమంతా ఆ రంగు చుట్టూనే తిరుగుతుంది కాబట్టి. అది రంగు పదార్థం వల్ల వచ్చిన నీలం కాదు. వెంట్రుకల్లోని అతి సూక్ష్మమైన పొరల అమరిక నీలి కాంతిని మాత్రమే వెనక్కి తిప్పి పంపడం వల్ల వచ్చేది. 2015లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, టారంటులా కుటుంబంలో ఇలాంటి నీలం కనీసం ఎనిమిది సార్లు వేర్వేరుగా పుట్టిందని తేల్చింది. ఎందుకు పుట్టిందన్నదే ఇంకా చిక్కుముడి. రాత్రి తిరిగే, చూపు అంతంత మాత్రమైన జీవికి ఇంత మెరుపెందుకో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. కొనేవాళ్లకు ఆ జవాబుతో పనిలేదు. ఆ నీలం ఉన్నందుకే ఈ జాతి గాజు పెట్టెల్లోకి చేరింది.

2001 తర్వాత కొద్ది ఏళ్లలోనే మెటాలికా యూరప్, అమెరికా పెంపకందార్ల చేతికి వచ్చింది. మొదట్లో ఒక్కో పిల్ల ధర వందల డాలర్లు పలికింది. ఆ మొదటి సాలీళ్లు నల్లమల దాటి ఎలా వెళ్లాయన్నది పెంపకందార్లలో చాలామంది తలెత్తకుండా దాటేసే ప్రశ్న. భారతదేశం వన్యప్రాణుల ఎగుమతిని అనుమతించదు. అయినా భారత్, శ్రీలంకల నుంచి ఈ పొయిసిలోథీరియా ప్రజాతి సాలీళ్లు దొంగతనంగా తరలిపోతున్నాయని 1990లలోనే టారంటులా పెంపకందార్ల పత్రికల్లో హెచ్చరికలు వచ్చాయి. ఇక్కడే తోటి పెంపకందారు దగ్గర కొనడమనే వాదనకు మొదటి బీట పడుతుంది. ఇవాళ్టి పిల్ల ఇంట్లోనే పుట్టి ఉండవచ్చు. దాని వంశవృక్షం వెనక్కి వెళ్తే మాత్రం ఎక్కడో ఒక తొర్ర దగ్గర ఆగుతుంది.

అయితే ఆ తర్వాత జరిగింది పెంపకందార్ల గొప్పదనమే అని ఒప్పుకోవాలి. మెటాలికా పెట్టెలో పిల్లలు పెట్టింది, మళ్లీ మళ్లీ పెట్టింది. ఆడ సాలీడు దాదాపు మూడేళ్లకు ఈడుకొచ్చి, పన్నెండేళ్ల దాకా బతుకుతుంది. మగది అంతకన్నా చాలా ముందే ఎదిగి, చివరి కుబుసం విడిచాక కొన్ని నెలలకే చనిపోతుంది. ఒకే గుడ్ల సంచిలో పుట్టిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే వేళకు జతకు సిద్ధం కావడం కష్టం. అందుకని ఆడది ఉన్నవాడు మరో చోట ఎదిగిన మగదాన్ని వెతుక్కోవాలి. ఈ అవసరంలోంచే పెంపకందార్ల మధ్య ఒక పద్ధతి పుట్టింది. మగ సాలీడున్నవాడు దాన్ని ఆడది ఉన్నవాడికి అరువు పంపుతాడు. జత కలిసి సంచి పెడితే, పుట్టిన పిల్లల్లో సగం ఇతనికి, సగం అతనికి. మగది బతికి తిరిగొస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. ఆడది దాన్ని తినేసినా ఒప్పందం ఒప్పందమే. రైతులు ఊళ్లో మంచి ఆబోతును వాడుకునే తీరుకు ఇది దగ్గరగా ఉంటుంది.

ఒక సంచిలో నూరు దాకా గుడ్లు ఉంటాయి, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. బయటికొచ్చిన పిల్లకు అప్పటికి నీలం ఉండదు, కుబుసం విడిచిన ప్రతిసారీ కాస్త కాస్తగా రంగు తేలుతుంది. ఎగరలేని చిన్న ఈగలు, కీచురాళ్ల పిల్లలు మొదటి మేత. ఆడా మగా తెలుసుకోవడానికి సాలీడును పట్టుకోనక్కర్లేదు. అది వదిలిన కుబుసాన్ని తడిపి, విప్పి, భూతద్దం కింద లోపలి భాగం చూస్తే చాలు. పంపేటప్పుడు తడి కాగితం ఉంచిన చిన్న డబ్బాలో పెట్టి తపాలాలో వేస్తారు. ఇలా ఒక్క విజయవంతమైన సంచి నూరు ఇళ్లకు సరిపడా పిల్లల్నిస్తుంది. పెంచేవాళ్లు పెరిగే కొద్దీ ధర దిగింది. అదే ఈ దారిలో అసలు మేలు. ధర దిగితే అడవిలోకి వెళ్లి, చట్టం కన్నుగప్పి, విమానం ఎక్కించి తెచ్చే శ్రమ గిట్టుబాటు కాదు. దొంగ రవాణాను నిఘా ఎంత ఆపిందో గానీ, చవకగా దొరికే పిల్లలు దాని లాభాన్ని తప్పకుండా కోసేశాయి.

పెంచేవాడి స్వార్థం కూడా ఇంట్లో పుట్టినదాని వైపే మొగ్గుతుంది. అడవిలో పట్టిన పెద్ద సాలీడు వయసు తెలియదు. మగదైతే ఇంకెన్ని నెలలు బతుకుతుందో చెప్పలేరు. దాని ఒంట్లో పురుగులుండవచ్చు. కొన్ని ఈగల లార్వాలు సాలీడు లోపలే పెరిగి చివరికి దాన్ని చంపి బయటికొస్తాయి, అలాంటిది ఇంటికొచ్చాక గానీ బయటపడదు. దారి పొడుగునా నీళ్లు లేక, ఒరిపిడికి కాళ్లు ఊడి వచ్చినవి కోలుకోవడం కష్టం. తోటి పెంపకందారు ఇచ్చే పిల్లకైతే పుట్టిన తేదీ ఉంటుంది, ఎన్నిసార్లు కుబుసం విడిచిందో లెక్క ఉంటుంది, ఏం తింటుందో తెలుసు. అమ్మేవాడి దగ్గర ఒకే వయసు పిల్లలు వరసగా ఉంటే ఇంట్లో పుట్టినవనే నమ్మవచ్చు. ఒకేసారి ఎదిగిన ఆడవి పది చవకగా దొరుకుతున్నాయంటే అనుమానించాల్సిందే. పన్నెండేళ్లు బతికే ఆడదాన్ని మూడేళ్లు మేపినవాడెవడూ చవకగా వదులుకోడు.

ఇంట్లో పుట్టిందనే మాట ఒక్కటే సరిపోదు. అడవిలో అప్పటికే జత కలిసిన ఆడదాన్ని పట్టి తెస్తే అది పెట్టెలో గుడ్లు పెడుతుంది. ఆ పిల్లలు పెట్టెలోనే పుట్టాయి, అబద్ధం లేదు. కానీ ఆ పిల్లల కోసం అడవి ఒక తల్లిని కోల్పోయింది. అంతర్జాతీయ వన్యజీవ వ్యాపార ఒప్పందం సైటిస్ ఈ తేడాను గుర్తించి కాగితాల మీద వేర్వేరు అక్షరాలు పెట్టింది. అడవి నుంచి తెచ్చినదానికి డబ్ల్యూ. పెంపకంలో పుట్టినా ఆ తల్లిదండ్రుల మంద ఇంకా నిలదొక్కుకోనిదానికి ఎఫ్. తల్లిదండ్రులు కూడా పెంపకంలో జతకట్టినవై, ఆ మంద రెండో తరం దాకా నమ్మకంగా పిల్లల్నివ్వగలదని రుజువైతేనే సీ. దొంగ సరుకును మంచి సరుకుగా చూపించాలనుకునేవాడి కన్నంతా ఈ చివరి అక్షరం మీదే ఉంటుంది. ఒక పిల్లకూ మరో పిల్లకూ చూపులో తేడా ఉండదు. తేడా అంతా రికార్డులోనే ఉంటుంది.

2022లో కమ్యూనికేషన్స్ బయాలజీ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఈ వ్యాపారం ఎంత పెద్దదో చూపించింది. సాలీళ్లు, తేళ్ల వర్గానికి చెందిన 1,200కు పైగా జాతులు అమ్మకంలో ఉన్నాయని, తెలిసిన టారంటులా జాతుల్లో సగానికి పైగా ఏదో ఒక చోట అమ్ముడవుతున్నాయని, వ్యాపారంలోని ప్రాణుల్లో మూడింట రెండు వంతులు అడవి నుంచి వచ్చినవేనని ఆ పరిశోధకులు లెక్కగట్టారు. సైటిస్ పరిధిలోకి వచ్చేవి వాటిలో అతి కొద్ది. మెటాలికా లాంటి బాగా పిల్లలు పెట్టే జాతి ఈ గుంపులో మినహాయింపే. 2010లో అమెరికాలో ఒక జర్మన్ పౌరుణ్ని వందల టారంటులాలను తపాలాలో పంపాడన్న ఆరోపణ మీద పట్టుకున్నారు. ఆ సరుకులో పెంపకంలో తేలిగ్గా దొరికే మెక్సికో ఎర్రమోకాళ్ల టారంటులాలు కూడా ఉన్నాయి. చవకదనం దొంగతనాన్ని తగ్గిస్తుంది గానీ పూర్తిగా తుడిచేయదు.

పగడాలతో పోలిస్తే సాలీడు సమస్య మరింత స్పష్టమవుతుంది. అక్వేరియంలో పెంచే పగడం నిజానికి వేల చిన్న జీవుల కాలనీ. దాని కొమ్మ ఒకటి విరిచి, చిన్న సిరామిక్ బిళ్ల మీద జిగురుతో అతికిస్తే అదే కొత్త కాలనీ అవుతుంది. తల్లీ బిడ్డా జన్యుపరంగా ఒక్కటే. మగ తోడు వెతకనక్కర్లేదు, రక్తసంబంధం భయం లేదు, ఒక్క కాలనీ నుంచి ఏళ్ల తరబడి ముక్కలు పంచవచ్చు. అమెరికా, యూరప్‌లలో పెంపకందార్లు ఇలా పంచుకునే కొన్ని రకాల పగడాలను ఎన్నో ఏళ్లుగా సముద్రం నుంచి తెచ్చుకోవాల్సిన అవసరమే రాలేదు. అలాగని ముప్పు లేకుండా పోదు, ముక్కతో పాటు చీడపురుగులు కూడా ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి పోతాయి. మన దేశంలో ఈ సౌలభ్యానికి వేరే గోడ అడ్డు. రాతి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు, అంటే పులికున్న రక్షణే వాటికీ ఉంది. మన సముద్రంలో పగడాన్ని విరవడం, దాచుకోవడం, అమ్మడం నేరం.

సాలీడుకు ఆ సౌలభ్యం లేదు. ప్రతి తరానికీ ఇద్దరు కావాలి, ఆ ఇద్దరూ దగ్గరి చుట్టాలు కాకపోతే మంచిది. విదేశాల్లోని మెటాలికాలన్నీ మొదట్లో బయటికెళ్లిన కొన్నింటి సంతానమే అయి ఉండే అవకాశం ఎక్కువ. రికార్డు రాసుకోని పెంపకందార్ల చేతుల్లో అక్కచెల్లెలు, అన్నదమ్ముల జతలు పడుతూనే ఉంటాయి. ఇదే ప్రజాతికి చెందిన వేర్వేరు జాతులు కలిసి సంకరాలు పుట్టే ప్రమాదం కూడా ఉంది. భారత్, శ్రీలంకల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని ఈ ప్రజాతిలో సుమారు 15 జాతులున్నాయి. వాటిలో కొన్ని పిల్లలుగా ఉన్నప్పుడు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. రేపెప్పుడైనా నల్లమలలో ఈ జాతి అంతరిస్తే గాజు పెట్టెల్లోంచి తిరిగి తెచ్చి వదలవచ్చనే మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది. పుట్టుపూర్వోత్తరాలు తెలియని, ఎన్ని తరాలు దగ్గరి చుట్టరికంలో నడిచిందో చెప్పలేని మందను అడవిలో వదలడానికి ఏ సంరక్షణ శాస్త్రవేత్తా తేలిగ్గా ఒప్పుకోడు. పెంపకందార్ల మంద మార్కెట్టు ఆకలి తీరుస్తుంది, అడవికి విత్తనపు గాదె మాత్రం కాలేదు.

అడవిలోని సాలీడుకు అసలు ముప్పు ఎక్కడుందో చూస్తే, పెంపకంతో జాతిని కాపాడవచ్చనే వాదన ఇంకా చిన్నదైపోతుంది. సంజయ్ మోలూర్, మంజు సిలివాల్ తదితర శాస్త్రవేత్తల అంచనా ఆధారంగా 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ మెటాలికాను అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా వర్గీకరించింది. కారణం, అప్పటికి దాని ఉనికి 100 చదరపు కిలోమీటర్లకన్నా తక్కువ విస్తీర్ణంలో, ఒకే చోట తెలియడం, ఆ అడవి కూడా కలప, వంటచెరకు కోసం నరుకుడుతో చెడిపోతూ ఉండటం. తర్వాత తమిళనాడులో జింజీ దగ్గరి పక్కమలై అడవిలో కూడా కనిపించినట్టు వార్తలొచ్చాయి. అయినా దీని ముఖ్య నివాసం నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవే.

వంటచెరకు మాట ఇక్కడ పైపైన చెప్పి వదిలేయదగింది కాదు. నంద్యాల నుంచి రుద్రవరం, ఆళ్లగడ్డ, అహోబిలం దాకా తూర్పున కొండ అంచు పొడుగునా ఊళ్లున్నాయి. ఆ ఊళ్లకు అడవి తరతరాలుగా కట్టెల కొట్టు. కట్టెలకు వెళ్లినవాళ్లు పచ్చని నల్లమద్దినో ఏపినో నరకరు, అది నేరమనీ తెలుసు, పచ్చికట్టె మండదనీ తెలుసు. ఎండిన చెట్టును, బోలుగా ఉన్న మానును, విరిగిన కొమ్మను తెచ్చుకుంటారు. మనిషి లెక్కలో అది పనికిరాని చెట్టు. సాలీడు లెక్కలో ఆ బోలు మానే ఇల్లు. చెట్టు ముసలిదై తొర్ర పడటానికి దశాబ్దాలు పడుతుంది. ఎండాకాలపు కార్చిచ్చుల్లో కూడా ముందుగా అంటుకునేది ఈ ఎండిన మానులే. అడవి విస్తీర్ణం పటం మీద తగ్గకపోయినా, ముసలి చెట్లు తగ్గితే తొర్రలు తగ్గుతాయి. ఒకే తొర్రలో పెద్దవీ పిల్లవీ ఇరుక్కుని బతకడం చూసి ఇవి కలుపుగోలు జీవులని మురిసిపోయే పెంపకందార్లున్నారు. అడవిలో అది ఇళ్ల కరువు వల్ల కూడా కావచ్చు.

అడవిలో పట్టడమే ఎప్పుడూ చెడ్డదన్న మాట కూడా నిలవదు. బ్రెజిల్‌లో రియో నెగ్రో నది ఒడ్డున బార్సెలోస్ పట్టణం చుట్టుపక్కల జనం కార్డినల్ టెట్రా అనే చిన్న అక్వేరియం చేపను పట్టి బతుకుతారు. ఏటా వరద తీశాక గుంటల్లో చిక్కి ఎలాగూ చచ్చిపోయే చేపలు అక్కడ కోకొల్లలు. ఆ ఆదాయం ఉన్నంతకాలం జనం అడవిని నరికి పశువుల బీడు చేయాల్సిన పని ఉండదన్న ఆలోచనతో 1989 నుంచి ప్రాజెక్ట్ పియాబా నడుస్తోంది. ఆ చేపలను విదేశాల్లో పెంచే కొద్దీ నష్టపోయేది నది ఒడ్డు మనుషులే. కానీ ఆ లెక్క ఏడాదికో తరం మారే, లక్షల్లో పుట్టే చేపకు కుదురుతుంది. మూడేళ్లకు గానీ ఈడుకు రాని, చిన్న అడవి ముక్కలో మిగిలిన సాలీడుకు కుదరదు. పైగా నల్లమలలో దీన్ని పట్టి అమ్మినవాడికి దక్కేది కూలి డబ్బులు మాత్రమే, లాభమంతా విమానం దిగాక మొదలవుతుంది. పెట్టెలో పుట్టిన పిల్ల అమ్ముడైనప్పుడైతే కొండ కింది ఊళ్లకు, చెంచు గూడేలకు పైసా రాదు. ఈ జాతి పేరు మీద ఇన్నేళ్లు నడిచిన వ్యాపారంలో నంద్యాల అడవి వాటా దాదాపు సున్నా. ఇంట్లో పుట్టినదాన్నే కొనమనే వాదనలో ఎవరూ పెద్దగా మాట్లాడని లోటు ఇది.

చట్టం ఈ మొత్తం వ్యవహారానికి ఆలస్యంగా చేరుకుంది. పొయిసిలోథీరియా ప్రజాతి అంతటినీ సైటిస్ రెండో అనుబంధంలో చేర్చాలని 2000లోనే శ్రీలంక, అమెరికా ప్రతిపాదించి, వెనక్కి తీసుకున్నాయి. ఆ మరుసటి ఏడే నల్లమలలో మెటాలికా మళ్లీ కనిపించింది. 2019లో జెనీవా సమావేశంలో అవే రెండు దేశాలు మళ్లీ ప్రతిపాదిస్తే అంగీకారం వచ్చింది, అదే ఏడు నవంబరు 26 నుంచి అమలైంది. రెండో అనుబంధమంటే నిషేధం కాదు. దేశం సరిహద్దు దాటే ప్రతి సాలీడుకూ అనుమతి పత్రం, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే అక్షరం ఉండాలని అర్థం. అంతకు ముందు ఏడాది, 2018లో, అమెరికా ఇదే ప్రజాతికి చెందిన ఐదు శ్రీలంక జాతులను తమ అంతరించే జీవుల చట్టం కిందికి తెచ్చింది.

మన దేశంలో సంగతి మరింత సూటిగా ఉంటుంది. నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో 1,194 చదరపు కిలోమీటర్ల గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం 1990లో ఏర్పడింది. అభయారణ్యం నుంచి ఏ వన్యజీవినైనా, అది పురుగైనా సరే, అనుమతి లేకుండా తీసుకుపోవడం నేరం. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, సైటిస్ అనుబంధాల్లోని జీవులకు నాలుగో షెడ్యూలు కింద చోటిచ్చింది. అలాంటి జీవి ప్రాణంతో దగ్గరున్నవాళ్లు దాన్ని నమోదు చేయించాలి, చేతులు మారితే చెప్పాలి, పిల్లలు పుట్టినా చచ్చిపోయినా తెలపాలి. ఇందుకోసం 2024 ఫిబ్రవరిలో కేంద్రం నియమాలు ప్రకటించి, పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకునే వీలు కల్పించింది. కాబట్టి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఒక పెంపకందారు తన స్నేహితుడికి నీలి సాలీడు పిల్లను ఉచితంగా ఇచ్చినా, దాని తల్లిదండ్రులు ఎక్కడివో చూపే కాగితం లేకపోతే, చట్టం దృష్టిలో అది అడవిలో పట్టిన సాలీడు కాదని నిరూపించుకోవడం తీసుకున్నవాడికి కష్టమే.